పేలని .22 తూటా చేతిలో ఉంటే: షూటింగ్ రేంజ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని మొదటిసారి రైఫిల్ పట్టుకున్న కుర్రాళ్ల నుంచి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలోని రేంజ్‌లో పోటీలకు సాధన చేసే షూటర్ల దాకా ఎక్కువమంది చేతికి వచ్చేది .22 రిమ్‌ఫైర్ తూటానే, అంటే అడుగు అంచు మీద కొడితే పేలే రకం. వాటిలో .22 లాంగ్ రైఫిల్ 1887లో అమెరికాలోని స్టీవెన్స్ కంపెనీ తెచ్చినది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌కూ, 25 మీటర్ల పిస్టల్‌కూ ఈనాటికీ అదే. పొడవు అంగుళం, బుల్లెట్ బరువు 2.6 గ్రాములు. అంత చిన్నది కాబట్టి అలుసు. పెట్టె తిప్పి చూడండి, ఒకటిన్నర మైలు దాకా ప్రమాదం అని ముద్రించి ఉంటుంది.

ఇక్కడున్నవి కొత్తవాళ్లు, పిల్లల్ని రేంజ్‌కు తీసుకొచ్చే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు. మీ రేంజ్ ఆఫీసర్ చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ మంది, తూటా పేలలేదు. వెంటనే ఏం చేయాలి?

ఏమీ చేయకండి. మొదటి పని అదే. తుపాకీ టార్గెట్ వైపే ఉంచండి. వేలు ట్రిగ్గర్ మీంచి తీసి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డు బయట పెట్టండి. తూటా వెనక మూసే బోల్ట్ ముట్టుకోవద్దు, పిస్టల్ అయితే పైన వెనక్కి జరిగే స్లైడ్ లాగొద్దు. మనసులో ముప్పై దాకా లెక్కపెట్టండి. కొన్ని రేంజ్‌లలో నిమిషం ఆగమంటారు, అక్కడ నిమిషం ఆగాల్సిందే. ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తితే రేంజ్ ఆఫీసర్ మీ దగ్గరికి వస్తారు.

కొత్తవాళ్లలో దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. పిస్టల్ పేలకపోగానే ‘సార్, ఇది పేలట్లేదు’ అంటూ కోచ్ వైపు తిరుగుతారు. మనిషితో పాటు చెయ్యీ తిరుగుతుంది, చేతిలోని పిస్టలూ తిరుగుతుంది. పక్క లేన్‌లో ఉన్నవాళ్ల నడుము మీదుగా ఆ బ్యారెల్ వెళ్లడం కళ్లారా చూసిన కోచ్‌లు ఈ ఒక్క విషయంలో ఎందుకంత గట్టిగా అరుస్తారో అప్పుడు అర్థమవుతుంది. నోటితో పిలవొచ్చు, తుపాకీ తిరగకూడదు.

గడువు అయ్యాక, మొహం పక్కకు పెట్టుకుని, తూటా బయటపడే వైపు ఎవరూ లేరని చూసుకుని బోల్ట్ మెల్లగా తెరవండి. పిస్టల్‌కైతే ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే అర) తీసేయాలి, తర్వాతే స్లైడ్. తూటా కింద పడకుండా పట్టుకుందామని అది బయటపడే సందు, ఎజెక్షన్ పోర్టు మీద అరచెయ్యి కప్పే అలవాటు కొందరికి ఉంది. దయచేసి మానుకోండి. రిమ్‌ఫైర్ తూటాకు పేలే మందు అంచులోనే ఉంటుంది, తూటాను బయటికి తన్నే ఎజెక్టర్ తగిలేదీ ఆ అంచుకే. తూటాను కింద పడనివ్వండి, తర్వాత ఏరుకోవచ్చు.

ఆ ముప్పై సెకన్లు దేనికి? పేలేదైతే అప్పుడే పేలాలి కదా?

దాదాపు ఎప్పుడూ అంతే. ఎప్పుడో ఒకసారి వచ్చేది హ్యాంగ్‌ఫైర్. అంటే తూటాను కొట్టే పిన్ తగిలింది, అంచులో నిప్పు రాజుకుంది, కానీ లోపలి మందు అంటుకోవడానికి ఆలస్యమైంది. మామూలుగా ఆ ఆలస్యం సెకనులో చిన్న వంతే. ‘టిక్... టప్’ అని రెండుగా వినిపిస్తుంది. ఈ కాలపు తూటాల్లో చాలా అరుదు. అరుదైనా, తుపాకీ పట్టుకున్న మనిషికి అది హ్యాంగ్‌ఫైరో, అసలు పేలని మామూలు మిస్‌ఫైరో ముందే తెలిసే దారి లేదు.

దీపావళికి వత్తి కాలినా పేలని టపాకాయ దగ్గరికి పిల్లలు పరిగెత్తబోతే రెక్క పట్టి ఆపుతాం కదా, ఇక్కడా అదే బుద్ధి కావాలి. ఛాంబర్‌లో (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోట) ఉన్నంతసేపు తూటా పల్చటి ఇత్తడి తొడుగును, అంటే కేసును, చుట్టూ ఉక్కు పట్టుకుని ఉంటుంది, బుల్లెట్ పోయేది టార్గెట్ వైపే. బోల్ట్ తెరిచిన క్షణం నుంచి కేసుకు ఆసరా లేదు. అప్పుడు పేలితే చిట్లిన ఇత్తడి ముక్కలు కళ్ల మీదికి వస్తాయి. ఆగడమంటే తూటాకు ఉక్కు ఆసరా ఉన్నంతసేపూ దాన్ని అక్కడే ఉండనివ్వడం.

పెద్ద తూటాల కంటే .22లోనే మిస్‌ఫైర్లు ఎక్కువ అంటారు. నిజమేనా?

నిజమే, కారణం దాని తయారీలోనే ఉంది. సెంటర్‌ఫైర్ తూటాకు అడుగున మధ్యలో విడిగా ఒక ప్రైమర్ ఉంటుంది. రిమ్‌ఫైర్‌కు అది లేదు. కేసు అడుగున బయటికి మడిచిన అంచు లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులోనే ప్రైమింగ్ మిశ్రమం ఉంటుంది. ఫ్యాక్టరీలో తడి మిశ్రమాన్ని కేసు అడుగున వేసి, వేగంగా తిప్పుతారు. ఆ తిరుగుడుకు మిశ్రమం అంచులోకి చేరుతుంది, తర్వాత ఆరబెట్టి మందు పోస్తారు. మిశ్రమంలో సాధారణంగా లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది, రాపిడి కోసం సన్నని గాజుపొడి కలుపుతారు. పిన్ వచ్చి అంచును ఛాంబర్ గోడకేసి నలిపితే నిప్పు పుడుతుంది.

ఆ తిప్పడంలో మిశ్రమం అంచు చుట్టూ ఒక్క తీరుగా పరుచుకోకపోతే, ఒకచోట ఖాళీ మిగిలిపోతుంది. పిన్ సరిగ్గా ఆ ఖాళీ మీద తగిలితే తూటా తుస్సుమంటుంది. చవకగా, పెద్ద డబ్బాల్లో అమ్మే తూటాల్లో ఇది కాస్త ఎక్కువ, పోటీల కోసం చేసే మ్యాచ్ గ్రేడ్‌లో బాగా తక్కువ. ఎంత ఖరీదైన పెట్టె అయినా అసలు రాదని మాత్రం అనుకోవద్దు.

తప్పు తూటాదా, తుపాకీదా? ఎలా తెలుస్తుంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు ఆ పేలని తూటా అంచు మీదే రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే డబ్బాలో పడేసి, ‘ఈ లాట్ (ఒక విడతలో తయారైన తూటాలు) బాగోలేదు’ అని తేల్చేస్తారు.

తూటాను వెలుతురులో పట్టుకోండి. బుల్లెట్ కొన మనుషుల వైపు కాకుండా, కింద ఇసుక వైపు ఉండాలి. వెనక అంచు మీద పిన్ గుర్తు వెతకండి. గుర్తు లోతుగా, అంచులు తేరి, పక్కనే పేలిన ఖాళీ కేసు మీది గుర్తుతో సమానంగా ఉంటే, పిన్ తన పని తాను చేసింది. లోపం తూటాదే. గుర్తు గోటితో తడిమినా తెలియనంత పైపైన ఉంటే తుపాకీని అనుమానించాలి. పిన్ అరిగిందేమో, స్ప్రింగ్ మెత్తబడిందేమో, చలికాలం గడ్డకట్టే చోట అయితే బోల్ట్‌లో గ్రీజు చిక్కబడి పిన్ నెమ్మదించిందేమో. గుర్తు అంచు మీద కాకుండా లోపలికి జరిగి ఉంటే అదీ తుపాకీ సమస్యే. అసలు గుర్తే లేకపోతే పిన్ విరిగి ఉండొచ్చు, లేదా బోల్ట్ పూర్తిగా మూసుకోలేదు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. ఛాంబర్‌లో మైనం, మసి పేరుకుంటే తూటా చివరిదాకా కూర్చోదు. పిన్ దెబ్బలో సగం బలం తూటాను ముందుకు నెట్టడానికే ఖర్చయిపోతుంది. రెండో దెబ్బకు పేలుతుంది, ఎందుకంటే మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టింది. ‘రెండోసారి కొడితే పేలుతోంది సార్’ అని ఎవరైనా అంటే ముందు ఛాంబర్ శుభ్రం చేయించండి, పెట్టె మార్చడం తర్వాత.

తేల్చుకోలేకపోతే అదే లాట్ తూటాలను ఇంకో తుపాకీలో, మీ తుపాకీలో ఇంకో లాట్ తూటాలను వాడి చూడండి. మిస్‌ఫైర్లు దేని వెంట వెళితే లోపం దానిది.

పేలని తూటాను తిప్పి పెట్టి మళ్లీ కొట్టొచ్చా?

బోల్ట్ రైఫిల్‌లో, మీ రేంజ్ ఒప్పుకుంటే, ఒక్కసారి. గడువు ఆగి, బయటికి తీసి, తూటా వంకర పోలేదని, అంచు చీలలేదని చూసుకుని, పాత గుర్తుకు ఎదురు వైపు పిన్ తగిలేలా తిప్పి పెడితే చాలాసార్లు పేలుతుంది. ఖాళీ చోటు కాకుండా మిశ్రమం ఉన్న చోట తగులుతుంది కాబట్టి.

రెండోసారీ పేలకపోతే అక్కడితో వదిలేయండి. మన దగ్గర తూటాలు ఖరీదు, పైగా కోటా. ఆ లెక్కతో ఒకే తూటాను మూడుసార్లు, నాలుగుసార్లు తిప్పి తిప్పి కొట్టేవాళ్లను చూస్తుంటాం. వాళ్ల బాధ నాకు తెలుసు, అయినా చెప్తున్నాను, వద్దు. ప్రతి దెబ్బకూ అంచు ఇంకా నలిగి బలహీనపడుతుంది. నాలుగు చోట్ల నలిగిన అంచు పేలితే గ్యాస్ వెనక్కి చిమ్మే అవకాశం ఎక్కువ. సాధనలో ఉన్నా, గుండు ఎక్కడ పడుతుందో నమ్మకం లేని తూటాతో నేర్చుకునేదేమీ ఉండదు. తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో అయితే ఆ ఒక్కసారి కూడా ప్రయత్నించకండి.

చప్పుడు తేడాగా వచ్చింది. పేలింది కానీ ‘టప్’ మని మెత్తగా. పర్వాలేదా?

పర్వాలేదు అనుకోవద్దు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

దీన్ని స్క్విబ్ అంటారు. కేసులో మందు పడలేదు, లేదా చాలా తక్కువ పడింది, లేదా తడిసి అంటుకోలేదు. .22లో ఉండే మందే గ్రాములో పదో వంతు చుట్టుపక్కల. అది లేకపోయినా, ఒక్క ప్రైమింగ్ మిశ్రమానికే బుల్లెట్‌ను కేసులోంచి ఊడబెరికి బ్యారెల్‌లోకి కొంత దూరం తోసే బలం ఉంది. బయటిదాకా పంపే బలం మాత్రం లేదు. బుల్లెట్ మధ్యలో బిగుసుకుపోతుంది. దాని వెనక ఇంకో బుల్లెట్ పేల్చారంటే బ్యారెల్ ఉబ్బుతుంది, కొన్నిసార్లు చీలుతుంది.

గుర్తులు ఇవి. చప్పుడు సన్నగా ఉంటుంది. చేతికి తగలాల్సిన కుదుపు తగలదు. టార్గెట్ మీద కొత్త చిల్లు ఉండదు, ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే స్క్రీన్ మీద షాట్ నమోదు కాదు. పిస్టల్ స్లైడ్ వెనక్కి వెళ్లదు, వెళ్లినా పూర్తిగా వెళ్లదు. బోల్ట్ తెరిస్తే మామూలు కంటే ఎక్కువ పొగ, కాలని మందు పలుకులు రాలడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపేయండి, రెండోది కనిపించేదాకా ఎదురుచూడొద్దు.

ఇక్కడ సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లకు ఒక చిక్కుంది. స్క్విబ్ వచ్చినప్పుడు స్లైడ్ తిరగదు కాబట్టి పిస్టల్ మొరాయించినట్టే కనిపిస్తుంది. మొరాయిస్తే మ్యాగజైన్ తట్టి, స్లైడ్ లాగి, మళ్లీ నొక్కడం కొందరికి చేతి అలవాటుగా వచ్చేస్తుంది. ఆ అలవాటే ఇరుక్కున్న బుల్లెట్ వెనకాలకి కొత్త తూటాను తెచ్చి పెడుతుంది. ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో 5 షాట్ల సిరీస్‌ను 8, 6, 4 సెకన్లలో కొట్టాలి. 4 సెకన్ల సిరీస్‌లో చెవి చప్పుడును గుర్తించేలోపే వేలు నొక్కేస్తుంది. అందుకే మంచి కోచ్‌లు ర్యాపిడ్ మొదలుపెట్టే ముందు నెమ్మదిగా కొట్టించి, తమ పిస్టల్ మామూలు చప్పుడు ఎలా ఉంటుందో పిల్లల చెవికి పట్టేలా చేస్తారు. ఇయర్ మఫ్ పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. చెవి కంటే ముందు చేతికి తెలుస్తుంది.

బ్యారెల్‌లో ఇరుక్కున్న బుల్లెట్‌ను ఎలా తీస్తారు?

మీరు కాదు, తెలిసినవాళ్లు తీస్తారు. ముందు తుపాకీ ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి ఉంచి, ఛాంబర్‌లో తూటా లేదని కళ్లతో చూసి, వేలితో తడిమి తేల్చుకోవాలి. ఆ తర్వాత బ్యారెల్‌కు సరిపడే ఇత్తడి రాడ్‌తో బుల్లెట్‌ను నెమ్మదిగా నెట్టి తీస్తారు. మెత్తటి సీసం కాబట్టి కాస్త నూనె వేస్తే కదులుతుంది. ఉక్కు రాడ్ వాడితే బ్యారెల్ లోపలి గాడులు దెబ్బతింటాయి. ఇంకో తూటా పేల్చి బయటికి తోసేద్దాం అనే సలహా ఎవరిచ్చినా, వాళ్లు ఎంత సీనియరైనా, వినొద్దు. తీశాక బ్యారెల్‌ను వెలుతురుకు పట్టి లోపల నల్లటి ఉంగరంలాంటి నీడ ఉందేమో చూస్తారు. ఉంటే అక్కడ ఉబ్బింది, ఆ బ్యారెల్ ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవారు) చూసేదాకా వాడకూడదు.

పేల్చని తూటాను బయటికి తీస్తుంటే బుల్లెట్ లోపలే ఉండిపోయి, మందంతా ఒలికిపోయింది. ఇలా కూడా అవుతుందా?

అవుతుంది, ముఖ్యంగా మ్యాచ్ రైఫిళ్లలో. వాటి ఛాంబర్ బిగుతుగా ఉంటుంది, బోల్ట్ మూయగానే బుల్లెట్ గాడుల్లోకి కాస్త ఒరుసుకుంటుంది. .22 కేసు బుల్లెట్‌ను పట్టుకునే పట్టు తక్కువ. వెనక్కి లాగితే కేసు వస్తుంది, బుల్లెట్ రాదు. మందు పలుకులు బోల్ట్‌లో, ట్రిగ్గర్ సందుల్లో పడతాయి. అప్పుడు బ్యారెల్ కొనను కిందికి వంచకుండా టార్గెట్ వైపే ఉంచి చెయ్యెత్తండి. బుల్లెట్ తీసి, మందు శుభ్రం చేశాకే మళ్లీ షూటింగ్. ఆ పలుకులు ట్రిగ్గర్‌లో మిగిలితే తర్వాత అది సరిగ్గా పట్టుకోకపోవచ్చు.

కేసు చిట్లి మొహం మీదికి వేడి గాలి కొట్టింది. ఎందుకలా?

పిన్ నలపగలగాలి కాబట్టి రిమ్‌ఫైర్ కేసు పల్చగా చేయక తప్పదు. ఆ పల్చదనమే దాని బలహీనత. ఇత్తడిలో లోపం ఉన్నా, బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే పేలినా, మందు రెట్టింపు పడినా, అంచు దగ్గర కేసు పగులుతుంది. కళ్లద్దాలు లేకుండా ఫైరింగ్ పాయింట్ మీదికి వెళ్లొద్దని చెప్పేది ఇందుకే. చత్వారం అద్దాలు ఉన్నాయి చాలు అనుకోకండి, పక్కల నుంచి కూడా కప్పే షూటింగ్ గ్లాసెస్ కావాలి. కేసు చిట్లాక షూటింగ్ ఆపి, చిట్లిన కేసును పారేయకుండా దాచండి. పగులు ఎక్కడొచ్చిందో చూస్తే ఆర్మరర్‌కు కారణం తెలుస్తుంది. కేసును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్ కూడా చూపించండి. కంట్లో ఏదైనా పడిందనిపిస్తే నలపకుండా నేరుగా కళ్ల డాక్టర్ దగ్గరికి.

పెట్టె తెరవగానే కొన్ని తూటాలు తేడాగా కనిపించాయి. వాడొచ్చా?

బుల్లెట్ వేళ్లతో తిప్పితే తిరుగుతోందా, వంకరగా ఉందా, కేసుకు సొట్ట ఉందా, ఆకుపచ్చ చిలుము పట్టిందా, అంచు చీలిందా, వీటిలో ఏదున్నా పక్కన పెట్టేయండి. మైనం పూత కాస్త తెల్లగా కనిపిస్తే కంగారు పడొద్దు, అది లూబ్రికెంట్. కింద పడ్డ తూటాకు మైనం మీద ఇసుక అంటుకుంటుంది. దాన్ని అలాగే పెడితే ఇసుక నేరుగా బ్యారెల్‌లోకే వెళ్తుంది.

.22 అని రాసి ఉంటే ఏదైనా ఒకటేనా?

కాదు. .22 షార్ట్, .22 లాంగ్ రైఫిల్, .22 మ్యాగ్నమ్ వేరువేరు. మ్యాగ్నమ్ కేసు వెడల్పు. ఆ ఛాంబర్‌లో లాంగ్ రైఫిల్ తూటా వదులుగా కూర్చుంటుంది, పేలితే కేసు చీలిపోతుంది. బ్యారెల్ మీద ఏది చెక్కి ఉందో అదే వాడాలి. పెట్టెలు కలిపి ఒక సంచిలో పోసుకునే అలవాటు వద్దు.

ఒకే పెట్టెలో మళ్లీ మళ్లీ మిస్‌ఫైర్లు వస్తున్నాయి. ఎవరికి చెప్పాలి?

ముందు పైన చెప్పినట్టు పిన్ గుర్తులు చూసి, లోపం తూటాదేనని తేల్చుకోండి. తర్వాత పెట్టె మీది లాట్ నంబర్ రాసుకోండి. .22 కేసు అడుగున కంపెనీ అక్షరమో ముద్రో ఉంటుంది తప్ప లాట్ నంబర్ ఉండదు. పెట్టె పారేశారంటే ఆధారం పోయినట్టే. అందుకే చివరి తూటా అయ్యేదాకా పెట్టె దాచమంటాను. రేంజ్‌కో, తూటాలు తెప్పించిన సంఘానికో, డీలరుకో లాట్ నంబర్‌తో, ఎన్నింటికి ఎన్ని పేలలేదన్న లెక్కతో, అంచుల ఫొటోలతో రాసి ఇవ్వండి. నోటిమాటగా చెప్పింది ఎక్కడా నిలవదు. మందు రెట్టింపు పడిందన్న అనుమానంతో కంపెనీలు లాట్లను వెనక్కి పిలిపించిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి పిలుపు వస్తే మీ దగ్గరున్నది అదో కాదో చెప్పేది ఆ నంబరొక్కటే. స్క్విబ్‌కూ, చిట్లిన కేసుకూ మాత్రం లెక్కలు చూడొద్దు. ఒక్కటి వచ్చినా ఆ లాట్ పక్కన పెట్టండి.

పోటీ మధ్యలో తూటా పేలకపోతే ఆ షాట్ పోయినట్టేనా?

ఏ పోటీ అన్నదాన్ని బట్టి. 50 మీటర్ల రైఫిల్ క్వాలిఫికేషన్‌లో మొత్తం సమయం మీదే కాబట్టి, సురక్షితంగా తీసి, కొత్తది పెట్టి కొనసాగిస్తారు. పోయేది మీ నిమిషమే. 25 మీటర్ల పిస్టల్‌లో కథ వేరు. మహిళల 25 మీటర్ల పిస్టల్ ర్యాపిడ్ దశలో టార్గెట్ కనిపించేది 3 సెకన్లు, ఆ 3 సెకన్లలో ఒక్క షాట్. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. అక్కడ తూటా పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి, పట్టు వదలకుండా రెండో చెయ్యి ఎత్తి అధికారిని పిలవాలి.

ఆయన వచ్చి చూస్తారు. తూటా పేలలేదు, బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంది, ఖాళీ కేసు బయటికి రాలేదు, పిన్ విరిగింది, ఇవి అలవబుల్ మాల్‌ఫంక్షన్ (షూటర్ తప్పు కాని లోపం) కిందికి వస్తాయి, నిబంధన ప్రకారం మళ్లీ అవకాశం ఇస్తారు. సేఫ్టీ తీయడం మర్చిపోవడం, తూటాలు తక్కువ పెట్టుకోవడం, మ్యాగజైన్ సరిగ్గా దిగకపోవడం, ఇవి షూటర్ తప్పులు. ఇక అన్నిటికంటే బాధ కలిగించేది ఒకటుంది. అధికారి చూడకముందే షూటరే స్లైడ్‌నో సేఫ్టీనో ముట్టుకుంటే, లోపం నిజంగా తూటాదే అయినా, నాన్ అలవబుల్ అవుతుంది. సాధనలో చెయ్యెత్తడం అలవాటు లేని పిల్లలు పోటీలో ఇక్కడే నష్టపోతారు. రోజూ తామే లాగేసి కొనసాగించడం అలవాటై, ఆ రోజూ అదే చేస్తారు.

పేలని తూటాను ఏం చేయాలి? ఇంటికి తీసుకెళ్లొచ్చా?

వద్దు. రేంజ్‌లో మిస్‌ఫైర్ తూటాలకు విడిగా పెట్టిన డబ్బాలో వేసి, రిజిస్టర్‌లో రాయించండి. తీసుకున్నవి ఎన్ని, పేలినవి ఎన్ని, పేలనివి ఎన్ని, లెక్క కుదరాలి. చెత్తబుట్టలో, కాలువలో, మంటలో వేయకూడదు. ఖాళీ కేసుల బకెట్‌లో అసలే వేయొద్దు. ఆ ఇత్తడి తర్వాత తుక్కు కొనేవాళ్ల చేతుల్లోకి వెళ్తుంది, అక్కడ ఎవరు దాన్ని సుత్తితో కొడతారో, ఎవరు కొలిమిలో వేస్తారో మనకు తెలియదు.

పిన్ గుర్తు పడినంత మాత్రాన అది చచ్చిన తూటా కాదు. 1959 ఆయుధాల చట్టం ముందు కూడా దాన్ని మామూలు తూటా లెక్కనే చూస్తారు. షూటర్ల కిట్‌బ్యాగ్ జేబుల్లో మర్చిపోయిన ఒక్క .22 తూటా విమానాశ్రయం స్కానర్‌లో బయటపడి, ప్రయాణం ఆగి, పోలీసు కేసు దాకా వెళ్లే సంఘటనలు దేశంలో కొత్త కాదు. తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరం అని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఆ మాట కోర్టులో గట్టెక్కిస్తుంది, అప్పటికే విమానం వెళ్లిపోతుంది, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం తప్పదు. రేంజ్ నుంచి బయటికి వచ్చే ముందు జాకెట్ జేబులు, ప్యాంటు జేబులు, బ్యాగ్ అడుగు, మ్యాట్ మడతలు, అన్నీ తిరగేసి దులపండి. శంషాబాద్ వెళ్లే ముందు మళ్లీ దులపండి. పోటీలకు తూటాలు తీసుకెళ్లాలంటే లైసెన్స్, అనుమతి పత్రాలతో, ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పి, చెక్-ఇన్ సామానులోనే, 5 కిలోలు దాటకుండా.

విప్పి లోపల ఏముందో చూడొచ్చా?

చూడొద్దు. పట్టకారుతో అంచును నొక్కడమంటే పిన్ చేసే పనే మీరు చేయడం.

మన వేసవికి తూటాలు పాడవుతాయా?

గది వేడికి పాడవవు. ఎండలో నిలిపిన కారు మాత్రం వేరు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో కారు డిక్కీలో వదిలేస్తే బుల్లెట్ మీది మైనం మెత్తబడి, కారి, మందును చేరి పాడుచేయొచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తేమ అసలు శత్రువు. మూత బిగుతైన పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, తాళం వేసిన అల్మరాలో నీడపట్టున ఉంచండి. తుపాకీ తుడిచే నూనె చేతులతో తూటాలు పట్టుకోవద్దు. .22లో బుల్లెట్, కేసు కలిసే చోటు గట్టిగా సీలు చేసి ఉండదు, పల్చటి నూనె లోపలికి దిగగలదు. పాత పెట్టెలు ముందు వాడి, కొత్తవి వెనక పెట్టుకోండి.

ఖాళీ తుపాకీతో డ్రై ఫైర్ సాధన చేస్తే మిస్‌ఫైర్లు వస్తాయా?

పాత .22లలో వస్తాయి. తూటా లేనప్పుడు పిన్ నేరుగా ఛాంబర్ అంచుకు కొట్టుకుంటుంది. పిన్ మొద్దుబారుతుంది, ఛాంబర్ అంచు లొత్తపోతుంది, తర్వాత తూటా అంచు సరిగ్గా నలగదు. చాలా మ్యాచ్ రైఫిళ్లకు డ్రై ఫైర్ ఏర్పాటు వేరే ఉంటుంది, మాన్యువల్ చూడండి. లేకపోతే రిమ్‌ఫైర్ స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) వాడండి.

అమెరికాలో ఉంటున్నాం, అక్కడి రేంజ్‌కు పిల్లల్ని తీసుకెళ్తున్నాం. పద్ధతి వేరా?

తూటా అదే, ముప్పై సెకన్లూ అవే. తేడా రేంజ్‌లో. చాలాచోట్ల పక్కన కోచ్ ఉండరు, లేన్ అద్దెకు తీసుకుని మీరే చూసుకోవాలి. అందుకని వెళ్లగానే డడ్ (పేలని) తూటాల డబ్బా ఎక్కడుందో కౌంటర్‌లో అడగండి. చవకని పెద్ద డబ్బాలు కొంటారు కాబట్టి మిస్‌ఫైర్లూ ఎక్కువ చూస్తారు. పిల్లల చేతికి మొదట ఒక్కో తూటా పెట్టి కొట్టే బోల్ట్ రైఫిల్ ఇవ్వండి, సెమీ ఆటోమేటిక్ కాదు. పేలకపోతే ఏం చేయాలో తూటా లేకుండానే, స్నాప్ క్యాప్‌తో, ముందే ఆడించండి. వాళ్లకు తెలియకుండా తూటాల మధ్య ఒక స్నాప్ క్యాప్ పెడితే, ‘టిక్’ మన్నప్పుడు బ్యారెల్ ఎటు తిరుగుతుందో మీకే కనిపిస్తుంది.

ఇంటికి వెళ్లే ముందు ఇంకేమైనా?

చేతులు సబ్బుతో కడుక్కోండి, మోచేతుల దాకా. బుల్లెట్ సీసం, ప్రైమింగ్ పొగలోనూ సీసమే. మిస్‌ఫైర్ తూటాలు, ఒలికిన మందు ముట్టుకున్న రోజు మరీ ముఖ్యం. చల్లటి నీళ్లు మేలు. కడుక్కునేదాకా రేంజ్‌లో సమోసా, టీ వద్దు. షూటింగ్ బట్టలు చంటిపిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.